చెవికి రక్తం కారదు, అందుకే ఎవరికీ పట్టదు

2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ప్లాస్టిక్ పైపుతో చేసిన కార్బైడ్ తుపాకులు పేలి వందల మంది కళ్లు దెబ్బతిన్నాయి. వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. కొందరికి చూపే పోయింది. భోపాల్ ఆసుపత్రుల్లో కళ్లకు కట్లతో పడుకున్న పిల్లల ఫొటోలను దేశమంతా చూసింది. టీవీలు అరిచాయి. ప్రభుత్వం నిషేధం పెట్టింది. అమ్మినవాళ్ల మీద కేసులయ్యాయి. ఇవన్నీ చేయాల్సిన పనులే, ఇంకా ముందే చేయాల్సిన పనులు. కానీ ఆ పిల్లల చెవుల సంగతి అడిగినవాళ్లు ఎందరు? అదే పైపు, అదే పేలుడు. కన్ను ఎంత దూరంలో ఉందో చెవీ అంతే దూరంలో ఉంది. చెవి మీద గాయం కనిపించలేదు, కట్టు కట్టే పని పడలేదు. అంతటితో దాని గురించి అడిగే పనీ లేకుండా పోయింది.

ఈ నిర్లక్ష్యం నాకు భోపాల్‌లో కొత్తగా కనిపించింది కాదు. మా మెదక్ జిల్లాలో, పెద్ద శంకరంపేట వైపు పోయినా చిన్న శంకరంపేట వైపు పోయినా, పంట పొట్టకొచ్చే కాలానికి సాయంత్రం నుంచి ఢాం ఢాం మని మోతలు మొదలవుతాయి. మక్క చేను, చెరుకు తోట, వరి మడి, ఏదైనా సరే. రాత్రికి అడవిపందుల మంద దిగిందంటే ఎకరం చేను తెల్లారేసరికి చాపలా పరుచుకుని ఉంటుంది. పగలు కోతుల పని. ఒకప్పుడు తాతలు మంచె మీద కూర్చుని డబ్బా కొట్టేవాళ్లు, వడిసెల తిప్పేవాళ్లు, గొంతు చించుకుని అరిచేవాళ్లు. జంతువులు ఆ చప్పుళ్లకు అలవాటు పడ్డాయి. అక్కడి నుంచి లక్ష్మీబాంబులు వచ్చాయి, ఆ తర్వాత పైపు తుపాకులు వచ్చాయి. కార్బైడ్ ముక్క వేసి, రెండు చుక్కల నీళ్లు పోసి, గ్యాస్ లైటర్ నొక్కితే చాలు. ఎసిటిలీన్ వాయువు అంటుకుని దిక్కులు దద్దరిల్లేలా పేలుతుంది.

ఆ లైటర్ నొక్కేది ఎవరు? బడి నుంచి వచ్చి సంచీ మూల పడేసిన ఎనిమిదో తరగతి పిల్లవాడు. అమ్మానాన్నలు పొద్దంతా ఒళ్లు వంచి వచ్చారు కాబట్టి రాత్రి కాపలా వంతు వాడిది. వాడికి అదొక సంబరం కూడా. తుపాకీ పట్టుకున్నానని, నలుగురిలో మొనగాణ్నని వాడి ధీమా. కొన్నిచోట్ల అనుమతి ఉన్న షూటర్లు వచ్చి పందుల్ని కాల్చేటప్పుడు, వెనక పరిగెత్తేదీ, దారి చూపేదీ, పక్కన నిలబడి చూసేదీ ఈ పిల్లలే. లోపలి ఊళ్లలో చట్టానికి దొంగచాటుగా నాటు తుపాకీ పట్టుకుని షికారుకు పోయే పెద్దల వెంట పోయేదీ వీళ్లే. మా దగ్గరి పోచారం అడవి ఒకనాడు నిజాం షికారు చేసిన చోటు, ఇప్పుడు అభయారణ్యం. వేట నేరమైంది, తుపాకీ లైసెన్సుకు ఇరవై ఒక్క ఏళ్లు నిండాలన్న నియమం వచ్చింది. అయినా పిల్లల చెవి పక్కన పేలుడు మాత్రం ఆగలేదు.

పేల్చిన తర్వాత ఏమవుతుందో ఆ పిల్లలందరికీ తెలుసు. చెవులు దిబ్బడ పడతాయి. లోపల గుయ్యిమని ఒకటే మోత. ఎదుటివాళ్లు నోరు కదిపినట్టు కనిపిస్తుంది, మాట వినిపించదు. ఇంటికొచ్చి చెబితే వచ్చే జవాబు ఒక్కటే. ‘ఏం గాదు బిడ్డా, పొద్దుగాల్లకు అదే సర్దుకుంటది.’ నిజంగానే పొద్దునకు చాలావరకు సర్దుకుంటుంది. మోసం అక్కడే ఉంది. ఆ ‘ఏం గాదు’ అన్న ఒక్క మాట మా జిల్లాలో ఎన్ని చెవుల్ని తినేసిందో లెక్క రాసిన పుస్తకం లేదు, ఎందుకంటే లెక్క తీయాలని ఎవరికీ అనిపించలేదు.

లోపల జరిగేది ఇది. నత్త గుల్ల ఆకారంలో ఉండే లోచెవిలో ఒక్కో పక్క సుమారు పదిహేను వేల వెంట్రుక కణాలు ఉంటాయి. పుట్టినప్పుడు ఎన్ని వచ్చాయో జీవితాంతం అవే. పేలుడు శబ్దం వాటిని అడవిపంది వరి మడిని తొక్కినట్టు తొక్కేస్తుంది. కొన్ని వంగి మళ్లీ లేస్తాయి, అదే పొద్దుటికి సర్దుకున్నట్టు అనిపించడం. కొన్ని ఇక లేవవు. లేచినవాటి సంగతైనా నమ్మకం లేదు. 2009లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ ఎలుకల మీద చూపించిన విషయం ఇది: పరీక్షలో వినికిడి పూర్తిగా తిరిగి వచ్చినట్టు కనిపించినా, కణానికీ నరానికీ మధ్య ఉన్న బంధాలు సగం దాకా శాశ్వతంగా తెగిపోతాయి. మన పెరట్లో తిరిగే కోడికి ఈ కణాలు పోతే మళ్లీ మొలుస్తాయని 1980ల చివర్లోనే తేలింది. మనిషికి మొలవవు. పెరటి కోడికి దొరికిన రెండో అవకాశం మన పిల్లవాడికి లేదు.

‘చెవి తనను తాను కాపాడుకోదా’ అని అడిగేవాళ్లున్నారు. పెద్ద చప్పుడు వినగానే నడిచెవిలో చిన్న కండరం బిగుసుకుని కొంత శబ్దాన్ని అడ్డుకోవడం నిజమే. కానీ అది బిగుసుకోవడానికి సెకనులో పదోవంతు దాకా పడుతుంది. తుపాకీ శబ్దం వెయ్యో వంతులో వచ్చి పని ముగించుకుని పోతుంది. తలుపు వేసే లోపే దొంగతనం పూర్తి. చెవిలో వేలు పెట్టుకుందామంటే రెండు చేతులూ తుపాకీ మీదే ఉన్నాయి.

అంకెలు కూడా చెబుతాను. చిన్నదిగా కనిపించే పాయింట్ ట్వంటీ టూ రైఫిల్ శబ్దమే 140 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. పెద్ద రైఫిళ్లూ, పన్నెండు బోరు తుపాకులూ 150 దాటి 160 పైకి పోతాయి. పెద్దవాళ్ల చెవికి 140 డెసిబెల్స్ మించిన ఒక్క పేలుడూ తగలకూడదనీ, పిల్లల చెవికి 120 మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఇరవయ్యే కదా అనుకోకండి. డెసిబెల్ లెక్కలో ఇరవై తేడా అంటే శబ్ద శక్తిలో వంద రెట్లు. అంటే ఒక్క తూటా చాలు. నెలల తరబడి కాల్చాల్సిన పని లేదు. ఒక్క రాత్రి, ఒక్క చేను, ఒక్క పేలుడు.

చట్టం లేదా అంటే, ఉంది. నాలుగు మీటర్ల దూరంలో కొలిచినప్పుడు 145 డెసిబెల్స్ శిఖరాన్ని దాటే టపాకాయను తయారు చేయకూడదు, అమ్మకూడదు, కాల్చకూడదు. 1999 నుంచి ఉన్న నియమం ఇది. 2005లో సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం మీద పెద్ద తీర్పే ఇచ్చింది. కానీ ఆ నాలుగు మీటర్లు ఎవరి కొలత? చేలో ఉన్న పిల్లవాడి చేతి నుంచి చెవికి నాలుగు మీటర్లు ఉంటుందా? దూరం సగమైన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. నాలుగు మీటర్ల దగ్గర 145 ఉన్నది మీటరు దగ్గర 157 అవుతుంది. ఇక పైపు తుపాకీకి ఆ నియమం కూడా వర్తింపజేసే దిక్కు లేదు. దాని మీద డెసిబెల్ అంకె ఉండదు, హెచ్చరిక ఉండదు, కంపెనీ పేరు ఉండదు. రోడ్డు పక్కన చెట్టు కింద నిలబెట్టి, ఒకసారి పేల్చి చూపించి, ‘కోతులు మల్ల ఇటు మొహాన రావు పటేలా’ అని చేతిలో పెడతాడు అమ్మేవాడు. పక్కన నిలబడ్డ పిల్లవాడు అప్పటికే ఒక పేలుడు తిన్నాడు.

ఇంకొక పోలిక చూడండి, కడుపు మండుతుంది. ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికుడి చెవికి 90 డెసిబెల్స్ మోత రోజుకు ఎనిమిది గంటలకు మించి తగలకూడదు, 140 దాటిన పేలుడు శబ్దం అసలే తగలకూడదు అని ఫ్యాక్టరీల నియమాలు చెబుతున్నాయి. అవి ఎంత అమలవుతున్నాయన్నది వేరే గొడవ. కనీసం కాగితం మీద ఆ చెవికి ఒక విలువ ఉంది. చేలో కాపలా ఉన్న పిల్లవాడి చెవికి కాగితం మీద కూడా విలువ లేదు. పంట నష్టానికి దరఖాస్తు ఉంది. పంది పొడిస్తే పరిహారం ఉంది. పంటను కాపాడబోయి వినికిడి పోగొట్టుకుంటే ఏ ఆఫీసులో ఏ కాగితం ఇవ్వాలో చెప్పేవాళ్లు లేరు.

హైదరాబాద్ గచ్చిబౌలిలోని షూటింగ్ రేంజికి వెళ్లి చూడండి. ఒక్క పిల్లవాడు కూడా చెవులకు ఏమీ లేకుండా ఫైరింగ్ లైను దగ్గర కనిపించడు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆసియా క్రీడల పతకాలకు గురిపెట్టినప్పుడు చెవులకు రక్షణ ఉంది. అది ఆమెకు ఎవరో చేసిన ఉపకారం కాదు, ఆటలో కనీస క్రమశిక్షణ. అదే హైదరాబాద్‌లో గగన్ నారంగ్ అకాడమీలో తయారైన ధనుష్ శ్రీకాంత్ పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న కుర్రాడు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిర ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం తెచ్చాడు. ఆ గెలుపు అతనిది, అతని తల్లిదండ్రుల కష్టానిది. చెవులు బాగా ఉండి పుట్టిన పిల్లల్ని మన నిర్లక్ష్యంతో చెవిటివాళ్లను చేసి, ‘వినిపించకపోయినా గెలవొచ్చు’ అని ఆ పేరు అడ్డం పెట్టుకునే హక్కు మనకెవరికీ లేదు. పట్నం పిల్లవాడి చెవికి ఉన్న మఫ్ శంకరంపేట పిల్లవాడి చెవికి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న. ఇద్దరి చెవిలోనూ ఉన్నవి అవే పదిహేను వేల కణాలు.

పోయిన వినికిడి ఎలా బయటపడుతుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే అది ఒక్కసారిగా నిశ్శబ్దమై రాదు. ముందు పోయేవి సన్నని శబ్దాలు, నాలుగు వేల హెర్ట్జ్ దగ్గరివి. ‘స’, ‘శ’, ‘త’, ‘క’, ‘ప’ లాంటి హల్లులు తెలిసేది ఎక్కువగా సన్నని శబ్దాల వల్లే. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. కాలు, పాలు, తాలు ఒక్కలాగే చెవిన పడతాయి. డిక్టేషన్‌లో తప్పులు వస్తాయి. వెనక బెంచీలో ఉన్నవాడికి పాఠం సగం అందదు. ‘ధ్యాస లేదు వీనికి’ అని సారు అంటాడు. ‘పిలిస్తే పలకడు, పొగరు ఎక్కింది’ అని ఇంట్లో అంటారు. దెబ్బలు కూడా పడతాయి. తనకు వినిపించడం లేదన్న సంగతి ఆ పిల్లవాడికే తెలియదు, లోకమంతా గొణుగుతోందని అనుకుంటాడు. కుడిచేతి వాటం వాళ్లలో ఎడమ చెవి ఎక్కువ చెడుతుంది, ఎందుకంటే తుపాకీ భుజానికి ఆనించినప్పుడు గొట్టం మూతి వైపు తిరిగి ఉండేది ఆ చెవే. కుడి చెవికి తల నీడ పడుతుంది. ఇంత చిన్న గుర్తు చాలు, ఏ డాక్టరైనా అడిగి కనిపెట్టవచ్చు. అడిగితే కదా.

కొన్నేళ్లకు ఆ పిల్లవాడు సైన్యంలోకి పోదామనుకుంటాడు. మా ఊళ్లలో తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తే కుర్రాళ్లను చూస్తే ఆ ఆశ ఎంత గట్టిదో తెలుస్తుంది. పరుగులో గెలుస్తాడు, రాత పరీక్షలో గట్టెక్కుతాడు. వైద్య పరీక్షలో ఆరు మీటర్ల దూరం నుంచి డాక్టరు గుసగుసగా చెప్పిన మాటను ఒక్కో చెవితో విడివిడిగా విని చెప్పాలి. ఎడమ చెవి దగ్గర ఆగిపోతాడు. పోనీ దివ్యాంగుల కోటాలో ఏదైనా దొరుకుతుందా? 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాట్లాడే శబ్దాల స్థాయిలో కనీసం 60 డెసిబెల్స్ లోపం ఉండాలి. ఇతనికి అంత లేదు. ఉద్యోగానికి సరిపోయేంత వినికిడి లేదు, సర్టిఫికెట్‌కు సరిపోయేంత చెవుడు లేదు. పద్నాలుగేళ్ల వయసులో నాన్న చేను కాపాడినందుకు ఈ దేశం అతనికి ఇచ్చింది ఇది.

2018 ఆగస్టు 15న కంటి వెలుగు పథకం మొదలైంది మా మెదక్ జిల్లాలోనే, మల్కాపూర్ గ్రామంలో. ఊరూరా శిబిరాలు పెట్టారు, కోటిన్నర మందికి కళ్లు పరీక్షించారు, లక్షల అద్దాలు పంచారు. ఆ పని జరిగినందుకు ఆ రోజు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. అదే శిబిరంలో, అదే కుర్చీలో కూర్చున్న మనిషికి చెవి పరీక్ష చేయడానికి ఇంకెన్ని నిమిషాలు పట్టేది? వినికిడి లోపం నివారణకు జాతీయ కార్యక్రమం 2006-07లోనే మొదలైంది. బడి పిల్లల ఆరోగ్యాన్ని చూడటానికి బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. పేర్లకు కొదవ లేదు. కానీ శంకరంపేటలో ఒక పిల్లవాడి వినికిడిని యంత్రంతో కొలిపించాలంటే మెదక్ జిల్లా ఆసుపత్రికో, అక్కడి నుంచి హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికో పోవాలి. కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, ‘గుయ్యిమంటుంది’ అన్న ఒక్క మాట కోసం ఏ తల్లి పోతుంది? పోదనే కదా వ్యవస్థ ఇంత నిశ్చింతగా ఉంది.

ఇంత నష్టాన్ని ఆపే వస్తువు ధర చెబితే సిగ్గుతో తల దించుకోవాలి. ఫోమ్ ఇయర్ ప్లగ్గులు జత పది, ఇరవై రూపాయలు. చెవుల మీద పెట్టుకునే మఫ్‌లు కొన్ని వందలు. ఒక పైపు తుపాకీ కొన్నవాడు, ఒక పెట్టె లక్ష్మీబాంబులు కొన్నవాడు వీటిని కొనలేడా? కొనగలడు. కొనాలని చెప్పినవాళ్లు లేరు. దూది సరిపోతుందనుకుంటారు. దూది శబ్దాన్ని ఆపదు, ఆపిందన్న భ్రమ మాత్రం ఇస్తుంది. ఫోమ్ ప్లగ్గునైనా చెవి అంచున తగిలిస్తే లాభం లేదు. రెండు వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకి లాగి, లోపలికి జొనిపి, అది ఉబ్బే దాకా అర నిమిషం వేలితో అదిమి పట్టాలి. సరిగా పెడితే పాతిక, ముప్పై డెసిబెల్స్ తగ్గుతుంది. నిజమైన రైఫిల్ అయితే ప్లగ్గు పెట్టి, దాని మీద మఫ్ కూడా పెట్టాలి. ఎందుకంటే గురి చూసేటప్పుడు చెంప తుపాకీ మడమకు ఆనుతుంది, మఫ్ కొంచెం పైకి లేస్తుంది, ఆ సందులోంచే శబ్దం దూరుతుంది. కాల్చేవాడితో పాటు పక్కన నిలబడ్డవాళ్లందరికీ ఇదే వర్తిస్తుంది. రేకుల షెడ్డు కింద, గోడల మధ్య అసలు పేల్చకూడదు, శబ్దం తిరిగి కొడుతుంది. పేలుడు తర్వాత చెవి మూసుకుపోయి, మోత మర్నాటికీ తగ్గకపోతే వెంటనే చెవి డాక్టరు దగ్గరికి పోవాలి. మొదటి రెండు మూడు రోజుల్లో మందు పడితే కొంత దక్కే అవకాశం ఉంటుంది, వారాలు గడిస్తే అదీ ఉండదు.

ఇది చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చేను దగ్గరికి వచ్చే వ్యవసాయ విస్తరణాధికారి ఎరువుల సంగతి చెప్పేటప్పుడు ఈ రెండు మాటలు చెప్పొచ్చు. పందుల్ని కాల్చడానికి అనుమతి కాగితం ఇచ్చేవాళ్లు, ‘పిల్లలు దగ్గర ఉండకూడదు, ఉన్నవాళ్లందరికీ చెవి రక్షణ ఉండాలి’ అని ఒక వాక్యం అందులో చేర్చొచ్చు. ఎన్‌సీసీ క్యాంపులో పిల్లలకు రైఫిల్ ఇచ్చే ముందు ప్లగ్గులు ఇచ్చారా అని ప్రతి తల్లీ తండ్రీ అడగాలి. ఇవ్వకపోతే ఆ రోజు ఫైరింగ్ ఆపాలి, ఎంత పెద్ద ఆఫీసరు ఎదురుగా ఉన్నా సరే. గ్రామ పంచాయతీ రోడ్డు పక్కన పైపు తుపాకులు అమ్మనివ్వకూడదు. పందులకూ కోతులకూ సోలార్ కంచెలు ఉన్నాయి, కుక్క అరుపులు రికార్డు చేసి వినిపించే మైకులు ఉన్నాయి. వాటికి సబ్సిడీ ఇస్తే పిల్లవాడు రాత్రి కాపలా మానేసి నిద్రపోతాడు. అసలు చేను కాపలా పిల్లవాడి పని కాదు, రైతును పిల్లవాడి దాకా రప్పించిన ప్రభుత్వానిదే ఆ నేరం. ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పుడు ‘చెవులు గుయ్యిమంటున్నాయా’ అని అడగడానికి ఏ బడ్జెట్టూ అవసరం లేదు.

వీటిలో ఒక్కటీ ఎందుకు జరగదో నాకు తెలుసు. చెవి పోయిన పిల్లవాడు ధర్నా చేయడు. అతని ఫొటో పేపరులో వేస్తే మామూలు పిల్లవాడిలాగే కనిపిస్తాడు. శవం లేదు, కట్టు లేదు, రక్తం లేదు. మన వ్యవస్థకు జాలి కలగాలంటే రక్తం కావాలి. మరో భోపాల్ మన జిల్లాలో జరిగి కళ్లు పోయిన పిల్లలు ఆసుపత్రి వరండాలో వరసగా పడుకుంటే తప్ప పైపు తుపాకీ గుర్తుకు రాదు, అప్పుడైనా చెవి గుర్తుకు రాదు.

మెదక్ కలెక్టరు గారిని, జిల్లా వైద్యాధికారిని, విద్యాధికారిని, అటవీ అధికారిని అడుగుతున్నాను. ఈ ఏడు పంట పొట్టకు రాకముందే రెండు శంకరంపేట మండలాల్లోని హైస్కూలు పిల్లలందరికీ ఒక్కసారి వినికిడి పరీక్ష చేయించండి. యంత్రం బడి దాకా రావాలి, పిల్లలు పట్నం దాకా పోవడం కాదు. ఎంతమందికి ఎడమ చెవి తగ్గిందో లెక్క తీసి, ఆ లెక్కను పంచాయతీ గోడ మీద రాయండి. అలా రాసిన రోజు ‘ఏం గాదు’ అనే ధైర్యం ఈ జిల్లాలో ఎవరికీ మిగలదు. రాయకపోతే, ప్రతి మోతకూ ఎవరో ఒక పిల్లవాడి చెవి పోతోందని తెలిసే ఊరుకున్నారని అర్థం. తెలియదని చెప్పే వీలు మీకు ఇక లేదు.